మోచేతి గట్టు

మోచేతి గట్టు,
పడవల షెడ్డు నుంచి.

పురుగుల డాక్టరమ్మకి,

మీ వదిన రాసేది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడ ఫోన్ అందాలంటే గట్టెక్కి నిలబడాలి. గట్టు మీద ఎప్పుడూ మీ అన్న కింద పనిచేసేవాళ్ళే ఉంటారు. నేను అన్న మాట నాకంటే ముందు ఇంటికి చేరుతుంది. అందుకని రాస్తున్నాను. నా రాత కోడి గీకినట్టుంటుంది, సర్దుకో.

నువ్వొచ్చి చాలా కాలమైంది కాబట్టి మొదటినుంచీ చెప్తాను. పాత రేవు ఉన్న వైపు, కింది పాయ పొడుగునా, గట్టు పోతోంది. గట్టుకి అడ్డంగా ఉండే ఉప్పుగడ్డి నేల ముందు పోయింది. మిగిలిన బురద అంచంతా చిల్లులు. చిటికెన వేలు పట్టేంత చిల్లులు, జల్లెడే అనుకో. పోటు వచ్చి తీసేసరికి బండి చక్రాలంత పెళ్ళలు ఊడి నీళ్ళలో పడుతున్నాయి. చిల్లులోకి పుల్ల పెట్టి లాగితే బఠాణీ గింజంత పురుగు వస్తుంది. ముట్టుకుంటే ఉండ చుట్టుకుంటుంది. మీ అన్న మనుషులు దానికి ఉండపురుగని పేరు పెట్టేశారు. నువ్వు పెట్టే పేరు ఇంకా పొడుగ్గా ఉంటుందనుకుంటా.

ఇప్పుడు ఆఫీసు వాళ్ళు, లోపలికి జరిగి కొత్త గట్టు వేసుకుందాం, పాతది సముద్రానికి వదిలేద్దాం అంటున్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అని మీ అన్న ఎగురుతున్నాడు. గట్టు సూపర్వైజరు మాట ఎవరు వింటారు? కొత్త గట్టు వేస్తే ఈ మోచేయి, అంటే గట్టు వంగే ఈ చోటు, బయట పడిపోతుంది. దాంతోపాటు నా షెడ్డూ. లోతు నీళ్ళు ఒడ్డు దాకా వచ్చేది ఇక్కడొక్కచోటే. పడవను పైకి లాగాలంటే ఇక్కడే లాగాలి. ఓడలు విరగ్గొట్టే చోటికి వెళ్ళి, స్తంభాలూ పలకలూ ఏరి తెచ్చి, నేనే నిలబెట్టుకున్న షెడ్డు ఇది. ఎవరి మోచేతి నీళ్ళూ తాగకుండా ఇన్నేళ్ళు పడవలు బాగుచేసుకుని బతికానంటే ఈ మోచేయి వల్లే.

మోచేతి దగ్గర ఇంతవరకూ ఒక్క చిల్లు లేదు. ఇది నిలిస్తే కొత్త గట్టుని దీన్ని కలుపుకుంటూ వేయొచ్చని మీ అన్న లెక్క. రిపోర్టు రాయమని మీ ప్రయోగశాలనే అడిగారట. మీ అన్నని నిన్ను అడగమంటే, చెల్లెలి ముందు చిన్నబోతాడట. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా. మొగుడు అడగలేనిది అర్ధమొగుణ్ణి నేనే అడుగుతున్నాను. మోచేయి నిలవాలంటే ఏం చెయ్యాలి?

నీ వదిన

*

ప్రయోగశాల,
మూడో అంతస్తు.

వదినా,

నీ రాత కోడి గీకినట్టు లేదు. కోడికి ఇంత స్పష్టత ఉండదు.

రిపోర్టు నాకే ఇచ్చారు. కాబట్టి ముందొక నియమం. చూసింది రాస్తాను, చూడనిది రాయను. షెడ్డు మీది కాబట్టి ఒక మాట అటూ, అన్నయ్య ఉద్యోగం కాబట్టి ఒక మాట ఇటూ రాయమని నన్ను అడగొద్దు. అడగవని తెలుసు. అయినా రాసి పెట్టుకుంటే ఇద్దరికీ మంచిది.

మీ ఉండపురుగు ఇక్కడిది కాదు. వేరే సముద్రం నుంచి ఓడల కొయ్య అడుగుల్లో దాక్కుని వచ్చింది. అది మట్టి తినదు. తినడానికి కాదు, కాపురం పెట్టడానికి తవ్వుతుంది. తలుపు దగ్గర కూర్చుని నీళ్ళలో కొట్టుకొచ్చే నలుసులు తింటుంది. తల్లీ పిల్లలూ అదే గదిలో ఉంటాయి. పిల్లలు పెద్దవయ్యాక పక్కన ఇంకో గది తవ్వుకుంటాయి. నిలువుగా, మెత్తగా ఉన్న అంచు ఏదైనా దానికి ఇంటి స్థలమే.

చిల్లులు గట్టుని బలహీనం చేస్తాయి గాని కూల్చవు. కూల్చేది అలలు. పురుగుని మనం ఆపలేం, మందు చల్లితే ముందు చేపలు పోతాయి. అలల్ని ఆపొచ్చు. మోచేతికి కాస్త ముందు తేలే దిమ్మెలు వరసగా కట్టి, అల ఒడ్డుకి రాకముందే విరిగిపోయేట్టు చేయమను.

ఇంకోటి. గట్టు అంచులోకి అడ్డంగా ఇనుప చువ్వలు దిగ్గొట్టించు. మట్టి ఎక్కడిదాకా ఉందో అక్కడ చువ్వ మీద ఎర్ర గీత గీయాలి. మట్టి పోయేకొద్దీ చువ్వ బయటపడుతుంది. గీత ఎంత బయటికొచ్చిందో నెలకోసారి కొలిచి నాకు రాయి. గీతలు కదలకపోతే, మోచేయి నిలుస్తుందని నేను ధైర్యంగా రాయగలను.

నీ ఆడబిడ్డ

*

మోచేతి గట్టు,
షెడ్డు.

అర్ధమొగుడికి నమస్కారాలు,

దిమ్మెలు కట్టేశాం. అలల్ని విరగ్గొట్టమని మీ చెల్లెలు రాసిందని మీ అన్నకి దాచకుండానే చెప్పాను. గాజు గదిలో కూర్చుని దానికేం తెలుసన్నాడు. కొన్నాళ్ళు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. తర్వాతొకరోజు అన్నం దగ్గర, నాకో ఆలోచన వచ్చిందే, అలల్ని ముందే విరగ్గొడితే ఎలా ఉంటుందన్నాడు. నాకు తట్టనే లేదు సుమా అన్నాను. కాపురమంటే ఇదేనమ్మా. పెళ్ళి మాటెత్తితే పారిపోయేదానివి, నీకెలా తెలుస్తుంది.

థర్మోకోల్ దిమ్మెలు, ఒక్కోటి మంచమంత ఉంటుంది. వాటిని మీ అన్న ఎలా చూసుకున్నాడనుకున్నావు? పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు ఒక్కోదాన్నీ బ్రష్షుతో రుద్ది కడిగాడు. ఎండబెట్టాడు. తాళ్ళు నాకు అప్పగించకుండా తనే బిగించాడు. ఇదివరకు పోటు వస్తే షెడ్డు గోడ మీద ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడు. ఇప్పుడు బల్ల మీద టీ గ్లాసు కదలడం లేదు.

చువ్వలు కూడా దిగ్గొట్టాం. మీ అన్న మోకాళ్ళు బురదలోకి దిగనివ్వవు కాబట్టి కొలిచేది నేనే. గీతలు గీసినచోటే ఉన్నాయి.

వదిన

*

ప్రయోగశాల.

వదినా,

ఇప్పటిదాకా పంపిన కొలతలన్నీ చూశాను. నమ్మలేనంత బాగున్నాయి. చిత్తు రిపోర్టులో మోచేయి గట్టిగా ఉందని, దాన్ని కలుపుకునే కొత్త గట్టు వేయొచ్చని రాశాను. ఎండలు ముదిరేలోగా ఒకసారి వచ్చి చూసి ఖాయం చేస్తాను.

గాజు తొట్టెలో మీ ఉండపురుగుల్ని పెంచుతున్నాను. మా పై అధికారి ప్రత్యేకంగా వచ్చి చూశాడు. అంత గట్టునీ కూల్చేది ఇవేనా అని, కొండను తవ్వి ఎలుకను పట్టినవాడిలా మొహం పెట్టి వెళ్ళిపోయాడు.

అన్నయ్య బాగా చేశాడని చెప్పు. నేనన్నానని చెప్పకు, నువ్వన్నట్టు చెప్పు.

ఆడబిడ్డ

*

షెడ్డు.

డాక్టరమ్మా,

చెప్పాను. ఆఫీసులో కూడా ఎవరో మెచ్చుకున్నారట, మీ అన్న కాలు నేల మీద ఆనడం లేదు. పక్క గట్టు సూపర్వైజరు వచ్చి చూసి వెళ్ళాడు. ఆయన ముందు మీ అన్న తాళ్ళ ముడి గురించి చెప్పిన ఉపన్యాసం నువ్వు వినాల్సింది.

నాకు మాత్రం ఒక చిరాకు పట్టుకుంది. నీటి అంచు పొడుగునా తెల్లటి నలుసులు, సగ్గుబియ్యం ఒలికినట్టు. పొద్దున్నే ఊడ్చినా మళ్ళీ పోటుకి అంతే. పడవకి రంగు వేస్తే తడి రంగుకి అంటుకుపోతున్నాయి. దిమ్మెలు ఒకదానికొకటి రాసుకుని అరుగుతున్నాయని మీ అన్న అంటాడు. దానికి తోడు పడవల తాళ్ళు వెళ్ళి చువ్వలకి తగులుకుంటున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటని, అవి విడదీసేసరికి నా నడుం పోతోంది.

చువ్వలు ఉన్నచోటే ఉన్నాయి.

వదిన

*

ప్రయోగశాల.

వదినా,

ఆ దిమ్మెలు మోచేతి దగ్గర కట్టకముందు ఎక్కడ ఉండేవి?

ఒకదాన్ని ఒడ్డుకి లాగి రంపంతో మధ్యకి కోయి. లోపల ఏం కనిపించిందో వెంటనే రాయి. తెల్ల నలుసులు కొన్ని కవర్లో పెట్టి పంపు.

అన్నయ్యకి ఇప్పుడే చెప్పకు.

*

మోచేతి గట్టు.

అమ్మాయ్,

నీ ఉత్తరం ఆఫీసు నోటీసులా ఉంది. చివర పేరు లేదు, పిలుపు లేదు. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడితే భయం వేస్తుంది. నాకు భయం వేసింది.

దిమ్మెలు పాత రేవువి. రేవు మూసేశాక కింది పాయలో ఊరికే తేలుతూ పడి ఉన్నవి. కొత్తవి కావాలని నువ్వు రాయలేదు. ఆఫీసుని అడిగితే కాగితాలు కదిలేసరికి ఏడాది పడుతుందని, మీ అన్న ఉన్నవాటితోనే కానిచ్చాడు. నేను కోయలేదు. కోయను. మీ అన్న వాటిని కడుగుతుంటే చూసినదాన్ని. నా చేత్తో వాటి మీద రంపం పెట్టలేను.

నలుసులు కవర్లో పెట్టాను. చువ్వలు ఉన్నచోటే ఉన్నాయి. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో.

వదిన

*

ప్రయోగశాల,
తిరిగొచ్చాక.

వదినా,

క్షేమంగా చేరాను. మీ షెడ్డులో పరుపు మెత్తగా ఉంది, అయినా ఇద్దరికీ నిద్ర పట్టలేదని నాకు తెలుసు.

అన్నయ్య ముందు సరిగ్గా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. మనం కోసిన దిమ్మె లోపల మట్టి గట్టులో ఉన్నట్టే గదులున్నాయి. అన్నయ్య ఎండబెట్టినప్పుడు పైపైన ఆరిందే గాని, లోపలి గదులు తడిగానే ఉండిపోయాయి. పురుగు థర్మోకోల్ తవ్వి, ఆ పొట్టుని నీళ్ళలోకి తోసేస్తుంది. నీ రంగుకి అంటుకున్న సగ్గుబియ్యం అదే. కింది పాయ నుంచి పురుగు తనంతట తాను మోచేతికి రావాలంటే చాలా ఏళ్ళు పట్టేది. మనం దిమ్మెల్లో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. పైగా అలలు ఆపి, నెమ్మదిగా కాపురం పెట్టుకోమని చోటు చూపించాం. ఇప్పుడు షెడ్డు కింద నుంచి మలుపు దాకా అంచంతా చిల్లులే. నువ్వూ చూశావు.

మెత్తగా ఉన్న అంచు ఏదైనా దానికి ఇంటి స్థలమే అని రాశాను. థర్మోకోల్ అని విడిగా రాయలేదు. నాకు తెలుసు గనక నీకూ తెలిసినట్టే అనుకున్నాను. ఇంకోటి, అన్నయ్య దిమ్మెల్ని కడిగాడని నువ్వు రాశావు. కొత్తదాన్ని ఎవరూ కడగరు. ఆ వాక్యం చదివి నవ్వుకుని పేజీ తిప్పాను. ఇక్కడ నన్ను జాగ్రత్త మనిషి అంటారు.

చువ్వలు చూశాను. గీతలు నువ్వు రాసినచోటే ఉన్నాయి. వాటి తలలు మాత్రం పుట్టగొడుగుల్లా విచ్చుకుని ఉన్నాయి. తుప్పు అనుకుంటాను.

అన్నయ్య నా సంచీ మోసుకుని పడవ దాకా వచ్చాడు. పడవ కదిలాక, దిమ్మెలు నేనే తీసేస్తాలే అన్నాడు, అంతే. చిన్నప్పుడు నా పలక పగలగొట్టినప్పుడు కూడా అదే గొంతు. నాకు ఏడుపొచ్చింది. పడవలో తెలియనివాళ్ళు ఉన్నారు గనక ఆపుకున్నాను.

చిత్తు రిపోర్టు చింపేశాను.

ఆడబిడ్డ

*

షెడ్డు.

అమ్మాయ్,

తుప్పే.

మీ అన్న దిమ్మెలన్నీ ఒక్కడే లాగాడు. మనుషుల్ని పిలవమంటే వద్దన్నాడు. గట్టు అవతల ఎత్తు మీద వరసగా పరిచాడు. లోపల పూర్తిగా ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని బోర్డు రాసి పెట్టాడు. అన్నం తింటున్నాడు, పనికి వెళ్తున్నాడు, మాట మాత్రం లేదు. మోకాళ్ళ నొప్పని కూడా అనడం లేదు. నొప్పని రోజూ సణిగే మనిషి సణగడం మానేస్తే ఇల్లు ఇల్లులా ఉండదు.

నీ నియమం నాకు గుర్తుంది. అయినా అడుగుతున్నాను. మోచేయి పోతుందని రాయాలంటే రాయి. దిమ్మెల సంగతి ఎందుకు? పురుగు వచ్చింది అంటే చాలదా? ఎలా వచ్చిందో ఎవడిక్కావాలి? ముప్పై ఏళ్ళుగా ఈ గట్టుని కన్నబిడ్డలా చూసుకున్నవాడు, చివరికి గట్టు ముంచినవాడని పేరు మోయాలా? మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకన్నట్టు, గట్టు పోయినందుకు కాదు గాని ఆ పక్క గట్టు సూపర్వైజరు నవ్వితే మీ అన్న తట్టుకోలేడు.

నా షెడ్డు గురించి అడగడం లేదు. అడగాలని ఉంది. రోజూ పొద్దున తలుపు తీసేటప్పుడు అడగాలని ఉంటుంది. అడగడం లేదు.

వదిన

*

ప్రయోగశాల.

వదినా,

రిపోర్టు పంపేశాను. నువ్వు అడిగింది చెయ్యలేకపోయాను.

పురుగు ఎలా వచ్చిందన్నది రాయకపోతే, పక్క గట్టు వాళ్ళు రేపు ఇదే పని చేస్తారు. ఇప్పటికే ఒకాయన వచ్చి తాళ్ళ ముడి నేర్చుకుని వెళ్ళాడు కదా. కింది పాయలో ఇంకా ఎన్నో దిమ్మెలు తేలుతున్నాయి. అందుకని రాశాను. అన్నయ్య పేరు రాయలేదు. అలల్ని ఆపడానికి దిమ్మెలు కట్టమన్న సలహా ఈ రిపోర్టు రాసినవారే ఇచ్చారని, పాత దిమ్మెలు వాడొద్దని హెచ్చరించలేదని రాశాను. మోచేతిని నిలపడం సాధ్యం కాదు, లోపలికి జరిగి వేసే వెనక గట్టే మార్గం అని కూడా రాశాను. ఆ వాక్యం రాసేటప్పుడు నీ షెడ్డు తలుపు కిర్రుమనే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ సలహా సంగతి తీసేయమని మా పై అధికారి రెండుసార్లు కబురు పెట్టాడు. తీయలేదు. ఇప్పుడు గట్టు పని నుంచి తప్పించి, ఆల్చిప్పలు లెక్కపెట్టే పనిలో వేశారు. ఆల్చిప్పలు నెమ్మదస్తులు. గట్టు సంగతి తేల్చడానికి ఆఫీసు వాళ్ళు పెట్టే విచారణకి నేను రాకూడదట, నా బదులు ఇంకొకరు వచ్చి రిపోర్టు చదువుతారు. అక్కడ ఏం జరిగిందో నువ్వు రాయి.

ఆడబిడ్డ

*

మోచేతి గట్టు.

అర్ధమొగుడా,

నీ మీద ఇంకా కోపంగానే ఉంది. అయినా రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

విచారణ ఆఫీసు మేడ మీద జరిగింది. పొడుగు బల్ల, మూతలు పెట్టిన గాజు గ్లాసులు, గోడ మీద మన గట్టు పటం. పటంలో మోచేతి దగ్గర ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు. నీ బదులు వచ్చినతను రిపోర్టు గబగబా చదివాడు. సలహా సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. పై ఆఫీసరు దాన్ని మళ్ళీ చదివించుకుంది. ఆవిడ చాలా నెమ్మది మనిషి. కళ్ళజోడు తీసి మీ అన్నని అడిగింది, దిమ్మెలు కట్టమని మీకు చెప్పిందెవరని.

మీ అన్న లేచి నిలబడ్డాడు. "ఎవరూ చెప్పలేదండీ. ఆ ఆలోచన నాది. పాత దిమ్మెలు తెచ్చింది నేను, కట్టింది నేను" అన్నాడు.

మరి మీ చెల్లెలు తనే చెప్పానని రాసిందే అంది ఆవిడ. అది చిన్నప్పటినుంచీ అంతేనండీ, నేను తన్నులు తినే చోటికి ముందు తనే వచ్చి నిలబడేది, దాని మాట పట్టించుకోవద్దన్నాడు. అన్నం దగ్గర నాకో ఆలోచన వచ్చిందే అన్నాడే, అదే మొహం పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడావిడ నావైపు తిరిగింది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో మీరైనా చెప్పండి అంది. నేను వెళ్ళింది షెడ్డు యజమానిగా ఒక సంతకం పెట్టి రావడానికి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుంటూ గుమ్మం దగ్గర కూర్చున్నదాన్ని. లేచాను.

"ఇద్దరిదీ నిజమేనండీ. ఆవిడ అలల్ని ఆపమంది, ఈయన ఆపాడు. కాని గట్టు పోతోందని మొదటి నెలలోనే చువ్వలు చెప్పాయి. వాటిని సుత్తితో మళ్ళీ లోపలికి కొట్టింది నేను. ప్రతి నెలా కొట్టాను. షెడ్డు పోతుందని కొట్టాను" అన్నాను.

మీ అన్న నన్ను చూడలేదు, గోడ మీద పటం చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆస్తిలో వాటా కోసం కొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. తప్పులో వాటా కావాలని వచ్చిన కుటుంబాన్ని ఇప్పుడే చూస్తున్నాను" అంది. నీళ్ళు తాగి, ఎవరి వాటా వాళ్ళ దగ్గరే ఉంచుకోండి, ఆఫీసుకి కావలసింది గట్టు అని చెప్పి కాగితం మీద సంతకం చేసింది.

వెనక గట్టు ఖాయమైంది. పాత దిమ్మెలు ఎక్కడా వాడకూడదని అన్ని గట్లకీ ఆర్డరు వెళ్తుందట. మీ అన్న ఉద్యోగం ఉంది, కొత్త గట్టు పని ఆయనకే. షెడ్డు విప్పుకోవడానికి వానలు మొదలయ్యేదాకా గడువిచ్చారు.

ఇంటికొచ్చాక మీ అన్న పెట్టెలోంచి సుత్తి తీసి, చేతిలో పట్టుకుని బరువు చూసి, ఇంత బరువుదాన్ని నువ్వెలా ఎత్తావే అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

వదిన

*

ప్రయోగశాల,
ఆల్చిప్పల గది.

వదినా,

నీ వాటా సంగతి నేను అక్కడికి వచ్చినరోజే నాకు తెలుసు. ఇనుప చువ్వ తల తుప్పుకి పొరలు ఊడుతుంది, అలా విచ్చుకోదు. సుత్తి దెబ్బలకే విచ్చుకుంటుంది. అయినా తుప్పు అనుకుంటానని నీకు రాశాను. రిపోర్టులో, చువ్వల కొలతలు నమ్మదగినవి కావు, కారణం తెలియదు అని రాశాను. కారణం తెలియదన్నది ఆ రిపోర్టులో ఉన్న ఒకే ఒక్క అబద్ధం. నియమం పెట్టినదాన్ని నేనే, తప్పినదాన్నీ నేనే. విచారణలో నువ్వు లేచి దాన్ని కూడా సరిచేసేశావు.

చువ్వలు చూసినప్పుడు నీ మీద కోపం రాలేదు. షెడ్డంటే నీకెంత ప్రాణమో అప్పుడు తెలిసింది. అది పోతుందని రాయాల్సింది నేనేనని భయం వేసింది.

షెడ్డు విప్పే రోజులకి సెలవు పెట్టాను. నా చేతికి సరిపోయే, శీలలు పీకే పట్టకారు ఒకటి తీసి పెట్టు.

ఆడబిడ్డ

*

మోచేతి గట్టు.
షెడ్డు అని రాయబోయి ఆగాను.

అమ్మాయ్,

నువ్వు వచ్చేదాకా ఆగుదామనుకున్నాం గాని మబ్బులు ముందే పట్టాయి. కప్పు, పలకలు దించేశాం. కొత్త గట్టు లోపల, కాలవ మొదట్లో కాస్త చోటిచ్చారు. పెద్ద పడవలు రావు, చిన్నవి వస్తాయి. బతకడానికి చాలు. బాధగా ఉంది. రోజూ ఉండేదే కాబట్టి పని చేసుకుంటూ బాధపడుతున్నాను.

ఇది చెప్పాలనే రాస్తున్నాను. నిన్న స్తంభాలు పీకాం. నేను ఓడలు విరగ్గొట్టే చోటి నుంచి ఏరి తెచ్చుకున్న స్తంభాలు. బురదలో ఉన్న అడుగు భాగం కడిగి చూస్తే చిల్లులు, చిటికెన వేలు పట్టేంతవి. కొన్ని కొత్తవి. కొన్నిటి మీద మాత్రం గవ్వలు అతుక్కుని గట్టిపడిపోయాయి, ఎన్నో ఏళ్ళవై ఉండాలి. ఈ కొయ్య ఓడ అడుగున ఉన్నప్పటివో, నేను ఇక్కడ పాతాక పడ్డవో నాకు తెలియదు. ఇక్కడ పడ్డవైతే, దిమ్మెలు రాకముందే, మీ ఇద్దరూ ఏదీ చేయకముందే, పురుగుని మోచేతికి తెచ్చింది నా షెడ్డే. నేను దేన్ని కాపాడుకుందామని సుత్తి పట్టుకున్నానో అదే.

అంటే లెక్క మారిపోతుంది. నీ వాటా నీకు, మీ అన్న వాటా ఆయనకి మాఫీ అయిపోయి, మొత్తం నాకే రావచ్చు.

స్తంభాల్ని పొయ్యిలో పెట్టేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది. పెట్టలేదు. ఒకదాని అడుగు కోసి, తడి గోనె చుట్టి, నీడన ఉంచాను. నువ్వొచ్చి చూడు. చూశాక ఏం రాయాలో అది రాయి. ఈసారి నేనేమీ అడగను.

మీ అన్న కూడా కింద ఏదో గీకుతానంటున్నాడు. ఎన్నడూ ఉత్తరం ముక్క రాయని మనిషి, నా కలం లాక్కున్నాడు. ఇక్కడితో ఆపుతాను.

వదిన

చెల్లీ,
కొత్త గట్టుకి చువ్వలు ఎక్కడెక్కడ దిగ్గొట్టాలో నాకు తెలియడం లేదు. వచ్చి చెప్పు, నువ్వు చెప్పినట్టే చేస్తాను. సుత్తి నా దగ్గరే ఉంటుంది.
అన్నయ్య